కొండ మీద బడి, ఒకటో తరగతి పిల్లలకి తెలుగే రాదు. పాఠం ఏ భాషలో మొదలుపెట్టాలి?

కొండబడి_టీచర్
అందరికీ నమస్తే అండి. కొత్తగా పోస్టింగ్ వచ్చి సీతంపేట ఐటీడీఏ (గిరిజన అభివృద్ధి సంస్థ) కింద ఒక గిరిజన ప్రాథమిక పాఠశాలలో చేరాను, ఊరి పేరు ఇక్కడ రాయను. సింగిల్ టీచర్ స్కూలు, ఒకటి నుంచి అయిదు దాకా ఒకే గదిలో, అందరూ సవర తెగ పిల్లలే, ఇంట్లో సవర భాషే. నాలుగు, అయిదు వాళ్లకి తెలుగు బానే వచ్చు, మూడో తరగతితో ఎలాగో నెట్టుకొస్తున్నా, ఒకటి రెండు తరగతుల దగ్గరే నాకు దారి దొరకట్లేదు.

వాళ్లు చురుకైన పిల్లలు, ఆ మాట ముందే చెప్పేస్తున్నా. అక్షరాలు గుండ్రంగా రాస్తారు. గోడ మీద చార్టు చూసి అ అమ్మ, ఆ ఆవు అని గడగడా చదివేస్తారు, కానీ మధ్యలో ఒక బొమ్మ మీద వేలు పెట్టి ఇదేంటి నాన్నా అంటే మళ్లీ 'అ' దగ్గర్నుంచి మొదలెట్టి ఆ బొమ్మ దాకా వచ్చి ఆగుతారు. అంటే వరస గుర్తుంది, ఏది ఏంటో తెలీదు. ఇంటర్వెల్‌లో మాత్రం ఒక్క క్షణం నోరు ఊరుకోదు, పోట్లాటలు, కథలు, లెక్కలు అన్నీ సవరలోనే.

పక్క స్కూల్ సార్ ఏమంటున్నారంటే నువ్వు తెలుగే మాట్లాడు, ఆర్నెల్లకి వాళ్లే అలవాటు పడతారు అని. నిజమేనా? నేను సవర నేర్చుకోవాలా, నేర్చుకున్నా పుస్తకం తెలుగులో ఇంగ్లిష్‌లో ఉంది కదా, ఎక్కడ మొదలుపెట్టాలి?

రిటైర్డ్_హెచ్చెమ్
అమ్మా, ముందు నీకు దండం, పిల్లల్ని మొద్దులు అనకుండా అడిగినందుకు. నేను పాడేరు వైపు చాలా ఏళ్లు చేశాను. అలవాటు పడతారు అన్నది సగమే నిజం. 'రా, కూర్చో, పలక తియ్యి, అన్నానికి వెళ్లు' ఇవి ఆర్నెల్లలో వచ్చేస్తాయి, అది చూసి మనం తెలుగు వచ్చేసింది అనుకుంటాం. పాఠంలో 'పై పేరాలో రైతు ఎందుకు బాధపడ్డాడు' అన్న ప్రశ్నకి ఆ తెలుగు చాలదు. ఈలోపు చదవడం, రాయడం, కూడిక తీసివేత పునాది పడాల్సిన రెండు మూడేళ్లు వెళ్లిపోతాయి. ఆరో తరగతిలో ఆశ్రమ పాఠశాలకి, అంటే గిరిజన హాస్టల్ బడికి వెళ్లాక పిల్లాడు బడి మానేస్తే అందరూ హాస్టల్ నచ్చలేదు అంటారు, అసలు గొడవ ఒకటో తరగతిలో మొదలైంది అని ఎవరూ అనరు.

2004లో ఉమ్మడి రాష్ట్రంలో దీనికోసమే బహుభాషా విద్య అని మొదలెట్టారు, మొదట 240 బడుల్లో, ఎనిమిది భాషల్లో. సవర, కొండ, కువి, ఆదివాసీ ఒడియా, కోయ, గోండి, కొలామి, బంజారా. లిపి తెలుగుదే, భాష వాళ్లది. ఒకటో తరగతిలో దాదాపు అంతా ఇంటిభాష, తర్వాత ఏటేటా తెలుగు పెంచుకుంటూ అయిదుకి వచ్చేసరికి పూర్తిగా తెలుగులోకి తీసుకురావడం. పుస్తకాలు రాసింది కూడా ఆ తెగల టీచర్లే, కథలు పాటలు వాళ్ల ఊళ్లలోవే. ఆ సవర పుస్తకాలు మీ ఎమ్మార్సీలో, అదే మండల రిసోర్స్ సెంటర్లో, బీరువాలో ఉండొచ్చు, వెళ్లి అడుగు.

మంచి పథకం, నడిపించడం మాత్రం ఒక ఏడు ఉన్నట్టు ఇంకో ఏడు లేదు. భాష వచ్చిన టీచర్‌ని బదిలీ చేసి రాని టీచర్‌ని వేస్తే పుస్తకం ఉండి ఏం లాభం. నాకు అప్పుడూ ఇప్పుడూ ఒకటే అనిపిస్తుంది, పుస్తకం రెండోది, ఆ గదిలో పిల్లల భాష వచ్చిన పెద్దమనిషి ఒకరు ఉండాలి, అది మొదటిది.

సూటిగా_మాట
ఎవరూ ఏమీ అనుకోకండి, నాకు ఈ వాదన ఎప్పుడూ అర్థం కాదు. ఆ పిల్లాడికి రేపు ఉద్యోగం కావాలంటే తెలుగు కావాలి, ఇంగ్లిష్ కావాలి, హిందీ వస్తే ఇంకా మంచిది. సవరలో చదివి ఏ పరీక్ష రాస్తాడు? ఉన్న టైమంతా తెలుగు ఇంగ్లిష్‌కి పెడితే బాగుపడతాడు కదా. చిన్నపిల్లలు స్పాంజిలాగ పీల్చేసుకుంటారు, మన పిల్లల్ని ఎల్‌కేజీలోనే ఇంగ్లిష్ మీడియంలో వెయ్యట్లేదా?

సవర_కుర్రాడు
@సూటిగా_మాట అన్నా, నేను సవరే, సీతంపేట ప్రాంతమే, ఇప్పుడు సచివాలయంలో చేస్తున్నా. మీ పిల్లాడు ఎల్‌కేజీ ఇంగ్లిష్‌లో చదివినా అర్థం కాకపోతే మేడమ్ తెలుగులో చెప్తుంది, ఇంటికొస్తే అమ్మ తెలుగులో హోంవర్క్ చేయిస్తుంది, ట్యూషన్ సార్ తెలుగులో విడమరుస్తాడు. అడుగున తెలుగు ఉంది కాబట్టే మీ పిల్లాడు పైన ఇంగ్లిష్ కట్టుకోగలుగుతున్నాడు. మాకు ఇంట్లో ఆ పుస్తకం చదివి చెప్పేవాళ్లు లేరు, బడిలో మా మాట తెలిసినవాళ్లు లేరు.

టీచర్ గారూ, మీకు ఒక విషయం చెప్పాలి, లెక్కల్లో పనికొస్తుంది. సవర లెక్క పది మీద నడవదు. పన్నెండు దాకా వేరే వేరే పేర్లు, పదమూడు అంటే పన్నెండూ ఒకటి, పందొమ్మిది అంటే పన్నెండూ ఏడు, తర్వాత ఇరవై. ముప్పై మూడు అంటే ఇరవై, పన్నెండు, ఒకటి. యాభై అంటే రెండిరవైలూ పది. ఇప్పుడు కుర్రాళ్లు బజార్లో తెలుగు అంకెలే వాడుతున్నారు గానీ పెద్దవాళ్ల దగ్గర పెరిగిన పిల్లల నోట్లో ఇంకా ఇదే ఉంటుంది. అలాంటి పిల్లాడికి 'పదులు, ఒకట్లు' అని రెండు గళ్లు గీసి ముప్పై మూడుని మూడు పదులు మూడు ఒకట్లు అంటే వాడి బుర్రలో ఉన్నది ఒకటి, పలక మీద ఉన్నది ఇంకోటి. లెక్క రాదు అంటారు. వాడికి లెక్క వచ్చు, ఇంకో పద్ధతిలో వచ్చు. ముందు చింతపిక్కలు పోసి ఇరవై కుప్పలు, పన్నెండు కుప్పలు పెట్టనివ్వండి, అవే పిక్కల్ని పదేసి కుప్పలుగా మార్పించండి. రెండు రకాలూ వాడి చేత్తోనే చేయిస్తే తెలుగు లెక్క తొందరగా ఎక్కుతుంది.

కొండబడి_టీచర్
@సవర_కుర్రాడు తమ్ముడూ ఇది నాకు ఏ ట్రైనింగ్‌లోనూ ఎవరూ చెప్పలేదు. ఒక పాప పదమూడు అడిగితే ప్రతిసారీ పన్నెండు గింజలు ఒకవైపు పెట్టి పక్కన ఒకటి పెడుతుంది, ఎందుకో ఇప్పుడు అర్థమైంది. రేపే పిక్కలు తెప్పిస్తా.

భాషావేది
పైన వచ్చిన 'అలవాటు పడతారు' మాట మీద కొంచెం. జిమ్ కమిన్స్ అని కెనడా ప్రొఫెసర్, వలస పిల్లల మీద పనిచేసి 1979లోనే ఈ తేడా చెప్పారు. ఆటలో, కబుర్లలో పనికొచ్చే భాష దాదాపు రెండేళ్లలో వస్తుంది, అదే పాఠం చదివి అర్థం చేసుకుని రాసే భాష తోటిపిల్లల స్థాయికి రావాలంటే అయిదు నుంచి ఏడేళ్లు పడుతుంది. పైకి గడగడా మాట్లాడేస్తున్నాడు కాబట్టి ఇక సాయం అక్కర్లేదు అని తీసేయడం వల్లే చాలామంది పిల్లలు వెనకబడినవాళ్లుగా ముద్ర పడ్డారు. ఇంకో సంగతి ఏంటంటే ఇంటిభాషలో చదవడం నేర్చుకున్న పిల్లాడు ఆ నైపుణ్యాన్ని రెండో భాషకి తీసుకెళ్తాడు, గీతకి శబ్దం ఉంటుంది, శబ్దాలు కలిస్తే మాట, మాటలు కలిస్తే కథ అని ఒకసారి తెలిస్తే చాలు, అది మళ్లీ నేర్పక్కర్లేదు. సవర పాఠానికి పెట్టిన టైము తెలుగు నుంచి కోసేసిన టైము అనుకోవడం అందుకే తప్పు.

మరో ముక్క, అన్ని గిరిజన భాషలూ ఒకటి కాదు. గోండి, కోయ, కువి, కొండ, కొలామి మన ద్రావిడ కుటుంబమే, వాక్యం పోకడ తెలుగుకి దగ్గర. బంజారా, ఆదివాసీ ఒడియా ఉత్తరాది భాషల కుటుంబం. సవర ఈ రెండూ కాదు, ముండా భాష, సంతాలీ ముండారీలకి చుట్టం. కాబట్టి సవర పిల్లాడికి తెలుగు పట్టుకోవడం కోయ పిల్లాడికంటే ఇంకా దూరం, అందరికీ ఒకే కొలత పెట్టకూడదు.

చట్టం అడిగేవాళ్ల కోసం, రాజ్యాంగంలో 350ఎ అధికరణం ఉంది, 1956లో ఏడో సవరణతో వచ్చింది, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకి ప్రాథమిక స్థాయిలో తల్లిభాషలో బోధనకి వసతులు కల్పించే ప్రయత్నం ప్రతి రాష్ట్రం చెయ్యాలి అని. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్‌లో బోధనా మాధ్యమం సాధ్యమైనంత వరకు పిల్లల తల్లిభాషలో ఉండాలి అని ఉంది. 2020 జాతీయ విద్యా విధానం కనీసం అయిదు దాకా, వీలైతే ఎనిమిది దాకా ఇంటిభాష అంది. 'సాధ్యమైనంత', 'వీలైన చోట' అని ఉండటంతో ఎవరూ అడగరు, ఎవరూ చెయ్యరు.

ఉట్నూర్_గోండు
నేను ఆదిలాబాద్ దిక్కు, గోండు. మా దగ్గర ఇది కొత్త ముచ్చట కాదు. 1940లో కుమ్రం భీం పోయినంక నిజాం సర్కార్ తెగల మీద పరిశోధన చేసే హైమన్‌డార్ఫ్ దొరని పంపింది మా గూడేల సంగతి చూడమని, ఆయన 1943ల మార్లవాయిల టీచర్ ట్రైనింగ్ సెంటర్ పెట్టించిండు. గోండు పోరగాళ్లనే పట్టుకొచ్చి సదువు నేర్పి వాళ్లనే పంతుళ్లు చేసి గూడేలకు తోలిండ్రు, గోండిల వాచకాలు రాయించిండ్రు. అండ్ల సదువుకున్నోళ్లు కొందరు పట్వారీలు గూడ అయిండ్రు. ఎనభై ఏండ్ల కిందనే మావోడే పంతులు, మా భాషనే పాఠం, అయితది అని చూపెట్టిండ్రు. ఇప్పుడు అయితలేదు అంటే నేనైతే ఒప్పుకోను.

కొలాం పిల్లల కష్టం ఇంకా ఎక్కువ. ఇంట్ల కొలామి, చుట్టూ గోండి, బడిల తెలుగు, 2022-23 సంది ఇంగ్లిష్ మీడియం. గోండి నేర్సుకునేది ఆటల్ల, దానికి ఎవ్వరు కొట్టలే, ఎవ్వరు మార్కులు ఎయ్యలే, అయినా మస్తు మాట్లాడ్తరు. అదే పిల్లగాడు బడిల తెలుగు కాడ మూగగ కూసుంటడు. పిల్లలకు భాష రాక కాదు, బడి నేర్పే తీరు అట్ల ఉన్నది.

ఒక_తండ్రి
నేను కూడా ఆదివాసినే, కోయ, భద్రాచలం ఏరియా. ఇక్కడ అందరూ తల్లిభాష తల్లిభాష అంటున్నారు, నా మాట కూడా వినండి. మా నాన్న తరం సంతకం పెట్టలేక భూమి పోగొట్టుకుంది. నేను తెలుగు మీడియంలో డిగ్రీ చేసి ఇంటర్వ్యూలో ఇంగ్లిష్ రాక వెనక్కి వచ్చాను. నా కూతుర్ని ఇంగ్లిష్ మీడియంలో వేశాను, వేస్తాను. కలెక్టర్ల పిల్లలు, ప్రొఫెసర్ల పిల్లలు ఇంగ్లిష్‌లో చదువుతుంటే మా పిల్లలకి మాత్రం కోయ పుస్తకం ఇచ్చి మీ సంస్కృతి కాపాడుకోండి అంటే నాకు కోపం వస్తది. సంస్కృతి మేం గూడెంలో కాపాడుకుంటాం, బడి నాకు ఇంగ్లిష్ ఇవ్వాలి.

సూటిగా_మాట
నేను చెప్పింది ఇదే. వాళ్లకి ఏం కావాలో వాళ్లనే అడగాలి.

సవర_కుర్రాడు
@ఒక_తండ్రి అన్నా మీ కోపం నాది కూడా. ఇంగ్లిష్ వద్దు అని నేను ఒక్క లైను కూడా రాయలేదు, నాకూ కావాలి, మా చెల్లి పిల్లలకి ఇంకా కావాలి. నేనడిగేది ఒకటో తరగతి పిల్లాడికి ఇంగ్లిష్ ఎవరు ఎలా ఎక్కిస్తారు అని. మీ పాపకి మీరు ఉన్నారు, డిగ్రీ చదివిన నాన్న పక్కన కూర్చుని అర్థం కానిది కోయలోనో తెలుగులోనో చెప్తారు, చెప్తారు కదా? ఆ పని మీరు ఇంట్లో చేస్తున్నారు కాబట్టి ఇంగ్లిష్ మీడియం పనిచేస్తోంది. అడవికి పోయి సాయంత్రం వచ్చే అమ్మానాన్నల పిల్లలకి అది బడే చెయ్యాలి.

ఒక_తండ్రి
తమ్ముడూ అది నిజమే, నేను కోయలోనే చెప్తాను, సైన్స్ పాఠం కూడా. అట్ల చెప్పే మనిషి స్కూల్లో ఉంటే నాకేం అభ్యంతరం లేదు. ఇంగ్లిష్ తీసేసి కోయ పెడతామంటేనే నేను ఊరుకోను. మా దగ్గర ఒకసారి మీటింగ్ పెట్టి తల్లిభాష ప్రోగ్రామ్ అని చెప్పారు గానీ తర్వాత తెలుగు, ఇంగ్లిష్ ఎప్పుడొస్తాయి అని మా గూడెం వాళ్లు అడిగితే వచ్చిన అధికారికి జవాబు లేదు. ఆ సంగతి ముందు తల్లిదండ్రులకి చెప్పండి, ఏ తరగతిలో ఏ భాష ఎంత అని కాగితం మీద పెట్టండి. లేకపోతే అందరూ నాలాగే అనుమానిస్తారు.

రిటైర్డ్_హెచ్చెమ్
@ఒక_తండ్రి బాబూ ఇది బంగారం లాంటి మాట. పథకం వెనకబడటానికి సగం కారణం ఇదే, ఊళ్లో వాళ్లకి చెప్పకుండా చేశాం. మా పిల్లల్ని కిందే ఉంచడానికి ఈ పుస్తకాలు అని ఒక ఊళ్లో పెద్దాయన మొహం మీదే అన్నాడు.

హోసూరు_తెలుగు
నేను కృష్ణగిరి జిల్లా, తమిళనాడు. మా తాతల కాలం నుంచి ఇక్కడే, ఇంట్లో తెలుగు. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టంతో పదో తరగతి దాకా తమిళం తప్పనిసరి అయ్యింది, దశలవారీగా అన్ని తరగతులకీ వచ్చింది. తెలుగు మీడియంలో చదివే పిల్లలకి పబ్లిక్ పరీక్షలో తమిళం పేపర్ అని మా వాళ్లు కోర్టుల చుట్టూ తిరిగారు. అప్పుడు మీ వైపు తెలుగువాళ్లు చాలామంది మాకు మద్దతు ఇచ్చారు, సంతోషం. నేను ఈ థ్రెడ్ చదువుతూ అనుకుంటున్నదేంటంటే మాకు జరిగింది అన్యాయం అన్న ప్రతి తెలుగువాడూ ఆ కొండ మీద సవర పిల్లల గురించి కూడా అదే గొంతుతో అడగాలి. మేం తమిళం నేర్చుకోము అనలేదు, ఉండే చోట భాష రావాలి, నా తమిళం చాలా బాగుంటుంది. తెలుగు చదవడం ముందు వచ్చింది కాబట్టే తమిళం సులువైంది అని నా నమ్మకం.

అంగన్వాడీ_అక్క
నేను ములుగు వైపు అంగన్వాడీ టీచర్‌ని. మా దగ్గర సంగతి ఇంకో రకం. ఛత్తీస్‌గఢ్‌లో 2005 నుంచి గొడవలప్పుడు వచ్చిన గుత్తికోయ వాళ్లు అడవిలో గుంపులు కట్టుకుని ఉన్నారు. వాళ్ల పిల్లల మాట మా కోయ వాళ్లకే సగం అర్థమవుతది సగం కాదు. సెంటర్‌కి తీసుకొస్తే మొదటి వారం తలుపు పక్కనే నిలబడ్డరు. నేను వాళ్ల అమ్మలలో ఒకామెని రోజూ కాసేపు కూసోమన్న, ఆమె పాట పాడితే పిల్లలు లోపలికొచ్చిన్రు, నేను ఆ పాటనే నేర్చుకున్న, తర్వాత అదే దరువు మీద తెలుగు పాట పెట్టిన.

పెద్ద సమస్య బడిలో చేర్చడం. బర్త్ సర్టిఫికెట్ ఏది, ఆధార్ ఏది, టీసీ ఏది అని అడుగుతరు. అవి లేకపోతే తీసుకోం అని ఒక స్కూల్లో అన్నరు.

భాషావేది
@అంగన్వాడీ_అక్క అక్కా అలా అనడానికి వీల్లేదు. విద్యాహక్కు చట్టం 14వ సెక్షన్ ప్రకారం వయసు రుజువు లేదని ఏ పిల్లకీ అడ్మిషన్ ఆపకూడదు. 5వ సెక్షన్ ప్రకారం టీసీ ఆలస్యమైందని కూడా ఆపకూడదు. 4వ సెక్షన్ ఏంటంటే ఇంతవరకూ బడికి రాని పిల్లని వయసుకి తగ్గ తరగతిలోనే చేర్చుకుని ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి, పదేళ్ల పిల్లని ఒకటో తరగతిలో కూర్చోబెట్టకూడదు. ఈ మూడు సెక్షన్ల నంబర్లు ఒక కాగితం మీద రాసుకుని హెడ్మాస్టర్‌కి చూపించండి, అప్పటికీ వినకపోతే ఎంఈఓకి (మండల విద్యాధికారికి) రాతపూర్వకంగా ఇవ్వండి.

హాస్టల్_మేట్రన్
నేను చదువు చెప్పను, పిల్లలతో ఉంటాను. ఏజెన్సీలో, అంటే గిరిజన ప్రాంతంలో, ఆశ్రమ పాఠశాల హాస్టల్. కలిసిపోవడం కలిసిపోవడం అంటారు గానీ అది క్లాసులో కాదు, రాత్రి హాస్టల్లో తెలుస్తుంది. మూడో తరగతి పిల్ల ఇంటి నుంచి వచ్చి జ్వరంతో పడుకుంటే ఎక్కడ నొప్పి అని తెలుగులో అడిగితే తల ఊపుతుంది, ఏది అడిగినా తల ఊపుతుంది. పక్క మంచం మీద పెద్దపిల్ల వాళ్ల ఊరిదే, ఆమె వచ్చి రెండు మాటలు వాళ్ల భాషలో అడిగితే కడుపు అని చెప్పి ఏడ్చింది. అందుకే నేను ఒక ఊరి చిన్నపిల్ల పక్కన అదే భాష పెద్దపిల్లని వేస్తాను, ఆరు నెలలు గడిచాక మారుస్తాను.

ఇంతకుముందు పనిచేసిన ఒక హాస్టల్లో తెలుగే మాట్లాడాలి, మీ భాష మాట్లాడితే ఫైన్ అని బోర్డు పెట్టారు. పిల్లలు తెలుగు మాట్లాడలేదండి, మొత్తంగా మాట్లాడటమే మానేశారు. దసరాకి ఇంటికెళ్లి కొందరు తిరిగి రాలేదు. భాష మీద నవ్వితే పిల్ల మనసులో మా అమ్మ మాట్లాడేది తక్కువది అని పడుతుంది, అది తర్వాత ఎన్ని బహుమతులిచ్చినా పోదు. టీచర్లందరికీ నా మొర ఒకటే, కొత్తపిల్లలు ఒకే భాష వాళ్లని ఒక మూల బెంచీ మీద పెట్టకండి, ఒక్కదాన్నే తెలుగు పిల్లల మధ్య కూడా వెయ్యకండి, జతగా వెయ్యండి. వాళ్ల యాస చూసి ఎవరైనా వెక్కిరిస్తే ఆ రోజే ఆపండి.

ఉట్నూర్_గోండు
మేట్రన్ మేడమ్ మంచిగ చెప్పిండ్రు. పండుగల సంగతి గూడ కలుపుకోండి. మా గోండుల పండుగలు, దండారి టైంల, నాగోబా జాతరల మా పిల్లలు బడికి రారు, గైర్హాజరు అని రాస్తరు. లోకల్ హాలిడే ఇచ్చే వెసులుబాటు ఉన్నది కదా, ఆ దినాలకు వాడితే అయిపోతది. పిల్లలు వాపస్ అచ్చినంక దండారి మీదనే బొమ్మ గీయమని, రెండు లైన్లు రాయమంటే మావోడు ఊకోడు, బోర్డు నిండ రాస్తడు.

లిపి_ప్రియుడు
ఒక సందేహం. సవరకి సొంత లిపి ఉంది కదా, సొరంగ్ సొంపెంగ్, మంగేయి గొమాంగో 1936లో చేసింది, ఒడిశా వైపు వాడతారు. గోండికి ఆదిలాబాద్ గుంజాలలో దొరికిన రాతప్రతుల లిపి ఉంది, 2018లో యూనికోడ్‌లోకి కూడా వచ్చింది. మరి తెలుగు లిపిలోనే ఎందుకు నేర్పాలి? ఇది కూడా మన భాష వాళ్ల మీద రుద్దినట్టే కాదా?

సవర_కుర్రాడు
లిపి మీద మా వాళ్లలోనే రెండు మాటలున్నాయి. నాకు సొరంగ్ సొంపెంగ్ అంటే గౌరవం, పెద్దయ్యాక నేర్చుకున్నా. ఒకటో తరగతికి మాత్రం తెలుగు అక్షరాలే నయం అంటాను, అవే అక్షరాలు రేపు తెలుగు పుస్తకంలోనూ పనికొస్తాయి, పిల్లాడికి ఒక బరువు తగ్గుతుంది. ఒక ఇబ్బంది ఉంది, మా భాషలో గొంతు దగ్గర ఠక్కున ఆగే శబ్దం ఉంది, తెలుగు అక్షరాల్లో దానికి గుర్తు లేదు, దానికి ఏదో ఒక గుర్తు పెట్టుకుని అందరూ అదే వాడాలి, లేకపోతే ఒక్కో పుస్తకంలో ఒక్కోలా ఉంటుంది. సొంత లిపి నాలుగో తరగతిలో ఒక పీరియడ్ పెడితే పిల్లలు సరదాగా నేర్చుకుంటారు.

రిటైర్డ్_హెచ్చెమ్
ఈ సందర్భంలో ఒక పెద్దాయన్ని తలుచుకోవాలి. గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం, వ్యవహారిక భాష కోసం పోరాడారు అని దండలు వేస్తాం. ఆయన పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ సవర నేర్చుకున్నారు, సవరల కోసం బళ్లు పెట్టించారు, తెలుగు లిపిలో సవర వాచకాలు రాశారు, 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర నిఘంటువు అచ్చయ్యాయి. జనం మాట్లాడే భాషలో చదువు ఉండాలి అని తెలుగువాళ్ల కోసం ఎంత గట్టిగా అన్నారో సవరల కోసమూ అంతే గట్టిగా అన్నారు. మనం ఆయన్ని సగమే తీసుకున్నాం. ప్రతి ఆగస్టు 29న ఏజెన్సీ బళ్లలో తెలుగు పద్యాల పోటీలు పెడతారు, ఒక్క సవర పాట పాడించరు, నాకు అది చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

ఏజెన్సీ_నిరుద్యోగి
అందరూ భాష వచ్చిన టీచర్ కావాలి అంటున్నారు, ఆ టీచర్ ఎక్కడి నుంచి వస్తాడో మాట్లాడుకుందాం. 2000లో జీవో 3 వచ్చింది, ఏజెన్సీలో టీచర్ పోస్టులు వంద శాతం స్థానిక గిరిజనులకే అని. దానివల్లే మా ప్రాంతంలో మా భాష వచ్చిన మాస్టార్లు తయారయ్యారు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాన్ని కొట్టేసింది, వంద శాతం రిజర్వేషన్ చెల్లదు అని. అప్పటికే ఉద్యోగంలో ఉన్నవాళ్లని కదపలేదు గానీ కొత్తవాళ్లకి దారి మూసుకుపోయింది. నేను డీఎడ్ చేశాను, టెట్ పాసయ్యాను, కువి, తెలుగు, ఆదివాసీ ఒడియా మూడూ వచ్చు, ఇంట్లో ఉన్నాను. గిరిజన పిల్లల కోసం కేంద్రం పెట్టిన ఏకలవ్య స్కూళ్లకి 2023లో ఢిల్లీ నుంచి టీచర్ పోస్టుల నోటిఫికేషన్ వస్తే అందులో హిందీ పరీక్ష పెట్టారు. మా పిల్లలకి కువి వచ్చిన సార్ కావాలా హిందీ వచ్చిన సార్ కావాలా?

సూటిగా_మాట
వంద శాతం రిజర్వేషన్ అన్నది వేరే చర్చ. కానీ మీరన్న లాజిక్ ఒప్పుకుంటాను, కులం తెగ పక్కన పెట్టినా ఆ పోస్టుకి ఆ భాష రావాలి అని అర్హతలో పెడితే ఎవరూ కాదనలేరు. బ్యాంకులోనే స్థానిక భాష పరీక్ష పెడుతున్నారు, ఒకటో తరగతి టీచర్‌కి పెట్టడంలో తప్పేముంది.

ఏజెన్సీ_నిరుద్యోగి
అదే సార్, అంతకంటే మేం అడిగేది లేదు. భాష పరీక్ష పెట్టండి, ఎవరు పాసైతే వాళ్లు రండి. మైదానం నుంచి వచ్చినవాళ్లు నేర్చుకుని పాసైతే ఇంకా సంతోషం.

కొండబడి_టీచర్
ఇంత రాస్తారని అనుకోలేదు, అందరికీ థాంక్స్ అండి. ఎమ్మార్సీకి వెళ్లాను, బీరువాలో సవర వాచకం, కథల కార్డులు దొరికాయి, కొన్ని పేజీలు చెదలు పట్టాయి గానీ చాలావరకు బాగున్నాయి. మా స్కూల్లో మధ్యాహ్న భోజనం వండే అమ్మ సవరే, వంట అయ్యాక అరగంట కూర్చోమని అడిగాను, కథ చెప్పింది. పిల్లలు కథ వింటూ మధ్యలో ఆమెని సరిదిద్దుతున్నారు, అలా కాదు ఎలుగుబంటి ముందు వచ్చింది అని, నాకు తర్వాత నాలుగో తరగతి అమ్మాయి చెప్పింది. ఆ కథనే బోర్డు మీద తెలుగు అక్షరాల్లో సవరలో రాయించాను, ఒకటో తరగతి వాళ్లు వేలు పెట్టి చదివారు, మధ్యలో ఏ మాట చూపించినా చెప్తున్నారు.

ఇప్పుడు నా భయం వేరే. పరీక్షలు వస్తున్నాయి, పేపర్ రాష్ట్రమంతా ఒకటే, తెలుగు ఇంగ్లిష్. నా స్కూల్ మార్కులు తక్కువ వస్తే నన్ను అడుగుతారు. ఏం చెయ్యను?

రిటైర్డ్_హెచ్చెమ్
పేపర్ మార్చడం నీ చేతిలో లేదమ్మా, అది ఎలా ఉంటే అలా రాయించు. దాని పక్కన నీ సొంత రికార్డు ఒకటి పెట్టు. ఒక్కో పిల్లకి ఒక పేజీ. అదే ప్రశ్న సవరలో నోటితో అడిగితే ఏం చెప్పింది, తెలుగులో అడిగితే ఏం చెప్పింది, రాస్తే ఏం రాసింది, మూడు గళ్లు. అడిగేది నువ్వు కాదు, నాలుగో తరగతి అమ్మాయి చేతో వంటమ్మ చేతో అడిగించు. లెక్కల్లో ఇది కొట్టొచ్చినట్టు కనపడుతుంది, సవరలో అడిగితే పదికి ఎనిమిది చెప్పే పిల్ల పేపర్ మీద రెండు రాస్తుంది, అప్పుడు రానిది లెక్క కాదు ప్రశ్న అని ఎవరికైనా అర్థమవుతుంది. ఎంఈఓ వచ్చినప్పుడు ఆ పేజీలు ముందు పెట్టు. నేను ఉద్యోగంలో ఉండగా ఇలా పెట్టినప్పుడు ఒకాయన చదివి వెళ్లి మాకు ఒక విద్యా వాలంటీర్‌ని వేయించాడు, ఊళ్లో ఇంటర్ చదివిన అమ్మాయినే.

వంటమ్మ చెప్పే కథలకి కూడా ఊరికే థాంక్స్ చెప్పి వదిలెయ్యకు, స్కూల్ కమిటీ మీటింగ్‌లో తీర్మానం రాయించి ఆమెకి ఎంతో కొంత గౌరవవేతనం ఇప్పించే ప్రయత్నం చెయ్యి. రోజూ అరగంట అంటే అది పనే.

సవర_కుర్రాడు
టీచర్ గారూ, ఆదివారాలు నేను ఊళ్లోనే ఉంటాను, మీ స్కూల్ మా ఊరికి దగ్గరైతే వచ్చి ఆ కథల కార్డుల్లో చెదలు తిన్న పేజీలు మళ్లీ రాసిస్తాను. పర్సనల్ మెసేజ్ పెట్టండి. మాట్లాడే సవర ఊరికి ఊరికి కొంచెం మారుతుంది, మీ పిల్లలు ఎలా అంటారో ఆ మాటలే రాద్దాం.